తెర అంచుకు అవతలి మాట

పోయిన వారం మనం చీమని సమావేశపు గది తలుపు దగ్గర వదిలేసి వచ్చాం. ఒక చంకలో లాప్‌టాప్, ఇంకో చెయ్యి తలుపు పిడి మీద. లోపలి నుంచి చిటికె సార్ నవ్వు వినిపిస్తోంది.

ఈ వారమే కథలో అడుగుపెట్టినవాళ్లకి రెండు ముక్కలు చెప్పి ముందుకు పోదాం. చీమ అసలు పేరు ఆఫీసులో ఎవరూ వాడరు. తల ఎత్తకుండా పని చేసుకుపోతుందని, ఎవరి జోలికీ పోదని ఆ పేరు పెట్టారు. పాపం, వాళ్లకేం తెలుసు! ఆమె ఆ కంపెనీలో చేరింది జీతం కోసం కాదు. పగ కోసం.

రక్తపరీక్షల కేంద్రాల నుంచి వచ్చే రిపోర్టులను కంప్యూటర్లో పెట్టి, ఎవరిది వాళ్లకు మాత్రమే చూపించడం ఆ కంపెనీ వ్యాపారం. కొన్నేళ్ల కిందట ఒకరోజు ఆ ‘మాత్రమే’ కాస్తా పోయింది. ఎవరు అడిగితే వాళ్లకి ఎవరి రిపోర్టు పడితే అది తెరుచుకుంది. దాచుకున్న జబ్బులన్నీ వీధిన పడ్డాయి. వచ్చిన ప్రతివాణ్ణీ గుమ్మంలో ఆపి ‘నువ్వెవరు?’ అని అడిగే కాపలా ప్రోగ్రాం ఒకటుంది. దాన్ని పనిలోకి దింపే లైన్లు సెట్టింగుల ఫైల్లో లేవు. ఆ ఫైలు చూసుకునేది చీమ అన్నయ్య. ‘వాడు రాయడం మర్చిపోయాడు’ అని పెద్దవాళ్ల ముందు చెప్పింది అన్నయ్య ప్రాణస్నేహితుడు. పని ఏదైనా ‘చిటికెలో అయిపోతుంది’ అని వేళ్లతో చిటిక వేసే అలవాటున్న మనిషి. ఆ లైన్లు ఆ పూటే తిరిగి అతికించి, కంపెనీని నిలబెట్టిన మొనగాడు కూడా ఆయనే. తర్వాత ఆయన చీఫ్ ఆర్కిటెక్ట్ అయ్యాడు. అన్నయ్య ఇంటి ముందు గదిలో ఫోటోస్టాట్ దుకాణం పెట్టుకున్నాడు.

‘ఆ లైన్లు నేను రాశాను. వాడే తీసేశాడు’ అని అన్నయ్య ఒకే ఒక్కసారి, చెల్లెలికి మాత్రమే చెప్పాడు. రుజువు ఏదీ? ఎవరు ఏ లైను మార్చారో చూపించే పాత చరిత్ర అంతా, ప్రాజెక్టును కొత్త చోటికి మార్చిన గొడవలో కొట్టుకుపోయింది. మార్చింది ఎవరో చెప్పాలా? ఇక మిగిలిన సాక్ష్యం ఒక్కటే, ఆ మనిషి. పెళ్లితో ఇంటిపేరు మారిన చీమ ఆయన కిందే ఉద్యోగంలో చేరింది. ‘సార్’ అని పిలిచింది, ఆయన జోకులకి నవ్వింది, ఈ రోజు కోసం కాచుకుని కూర్చుంది.

ఇప్పుడు ఆ తలుపు తెరవనిద్దాం.

*

చీమతో కలిపి గదిలో నలుగురే. బల్ల చివర కంపెనీ యజమానురాలు, అందరికీ మేడమ్. ఆమెకు ప్రోగ్రాములు రావు కానీ మనుషులను చదవడం బాగా వచ్చు. కిటికీ పక్కన సర్వర్లు చూసుకునే బాబాయి. ఆఫీసులో సగం మంది కంటే వయసులో పెద్ద కాబట్టి అందరికీ బాబాయే. గోడ మీది తెర ముందు చిటికె సార్, చొక్కా చేతులు మడుచుకుని, అప్పుడే గెలిచినవాడిలా నిలబడి ఉన్నాడు.

“రా చీమా, నీ కోసమే. మన పాత ఇల్లు కూల్చడానికి ముహూర్తం పెడుతున్నాం” అన్నాడు.

చీమ నవ్వింది. ఆ నవ్వు నేర్చుకోవడానికి ఆమెకు చాలాకాలం పట్టింది.

పాత అప్లికేషన్ ముసలిదైపోయింది. దాన్ని ఏ ఫ్రేమ్‌వర్క్‌లోకి, అంటే ప్రోగ్రాములు కట్టే ఏ చట్రంలోకి మార్చాలి, ఎలా మార్చాలి అన్నది ఈ రోజు తేలాలి. పోల్చి చెప్పే పని మేడమ్ చీమకి అప్పగించింది. చిటికె సార్‌కి అది నచ్చలేదు కానీ, ‘చీమే కదా, ఏం చేస్తుంది’ అని ఊరుకున్నాడు. మనిషిని తక్కువ అంచనా వేయడంలో ఆయనకు ఆయనే సాటి.

“నాకు అర్థమయ్యేలా చెప్పు. జావా అంటారు, ఎక్సెమ్మెల్ అంటారు, నా బుర్ర వేడెక్కుతుంది” అంది మేడమ్.

చీమ లాప్‌టాప్ తీగ తెరకు తగిలిస్తూ మొదలుపెట్టింది.

“వంటింట్లో డబ్బాలున్నాయనుకోండి మేడమ్. ఏ డబ్బాలో ఏముందో ఒక కాగితం మీద రాసి తలుపుకి అంటించుకోవడం ఒక పద్ధతి. స్ట్రట్స్ అనే చట్రంతో కట్టిన మన పాతది అలాంటిదే. ఏ పేజీ అడిగితే ఏ ప్రోగ్రాం పలకాలి, ముందు ఎవరు కాపలా ఉండాలి, అన్నీ ఎక్సెమ్మెల్ అనే సెట్టింగుల ఫైళ్లలో రాసి ఉంటాయి. కాగితం చదివితే ఇల్లంతా తెలిసిపోతుంది. కాకపోతే డబ్బా కదిపినప్పుడల్లా కాగితం దిద్దాలి.”

“దిద్దడం మర్చిపోతే కొంపలంటుకుంటాయి. చూశాంగా!” అన్నాడు చిటికె సార్.

చీమ ఆయన వైపు చూడలేదు. ఆ మాట విననట్టే కొనసాగించింది.

“రెండోది, డబ్బా మీదే చీటీ అంటించడం. దాన్ని యానోటేషన్ అంటారు. స్ప్రింగ్ అనే ఇంకో చట్రం కూడా ఒకప్పుడు కాగితాల మీదే నడిచింది, ఇప్పుడు ఎక్కువమంది చీటీలే వాడుతున్నారు. ప్రోగ్రాం ఎక్కడుంటే దాని చీటీ అక్కడే ఉంటుంది. మర్చిపోవడం తక్కువ. కానీ ఇంట్లో మొత్తం ఏమేమున్నాయో తెలియాలంటే డబ్బాలన్నీ తిప్పి తిప్పి చూడాలి.”

“మూడోది?” అంది మేడమ్.

“స్ప్రింగ్ బూట్ లాంటిది. ఉప్పు పొయ్యి పక్కనే ఉంటుందిలే అని తనంతట తనే అనుకుని వంట మొదలెట్టేస్తుంది. వేరే చోట పెట్టుకుంటేనే మనం నోరు విప్పి చెప్పాలి. పని చాలా తొందరగా తెములుతుంది. అది ఏమనుకుందో మనకి తెలియని రోజున మాత్రం తల పట్టుకోవాలి.”

“మా ఆవిడ పద్ధతి అదే. ఏది ఎక్కడుందో మనమే ఊహించుకోవాలి. తప్పు ఊహిస్తే ఆ పూట పస్తు” అన్నాడు బాబాయి. మేడమ్ కూడా నవ్వింది.

నవ్వు ఆగాక ఆమె ఒక ప్రశ్న అడిగింది. తెలివైనవాళ్లు అడిగే ప్రశ్న. “కాగితం మీద ఒకటి, డబ్బా మీద ఇంకోటి ఉంటే ఎవరి మాట చెల్లుతుంది?”

“కాగితందే, మేడమ్” అంది చీమ. అంటూ చిటికె సార్ మొహం వైపే చూసింది.

ఆయన కనురెప్పలు ఒక్కసారి వేగంగా కొట్టుకున్నాయి. “రెండూ ఎందుకుంచుతాం మేడమ్? కాగితం చింపేస్తాం. పోయేదానికి ఇన్ని ముచ్చట్లు దేనికి” అన్నాడు.

“ఒక్కసారిగా చింపడం కుదరదయ్యా. కేంద్రాలు ఒక్క పూట ఆగినా జనం నన్ను చింపుతారు. పాతది నడుస్తుండగానే కొంచెం కొంచెం మార్చాలి. అది జరిగే పనేనా?”

చీమ ఎదురుచూసిన మాట అదే. మేడమ్ నోటి నుంచే వచ్చినందుకు లోపల్లోపల దణ్ణం పెట్టుకుంది.

“చేసి చూస్తే తెలుస్తుంది మేడమ్” అంది. “పాతదానికి నకలు ఒకటి తయారుగా ఉంది. ఏం పాడైనా నష్టం లేదు. రిపోర్టుల కాపలాని కాగితం మీంచి తీసేసి, చీటీ పద్ధతిలోకి మార్చి చూద్దాం. అది కుదిరితే మిగతావన్నీ అలాగే ఒక్కొక్కటీ మార్చుకోవచ్చు. సార్ చేస్తారా? నాకైతే చాలాసేపు పడుతుంది.”

“చిటికెలో” అన్నాడు ఆయన. వేళ్లతో చిటిక కూడా వేశాడు.

“ఆ ఎక్సెమ్మెల్ ఫైలు మీకు అలవాటేనా సార్? కావాలంటే పక్కన కూర్చుంటాను. చాలా పెద్దది, ఒకాయన ఒక్కడే రాసుకున్నది.”

ఇది అడిగేటప్పుడు ఆమె గొంతు ఎంత మెత్తగా ఉందంటే, వెన్న కూడా సిగ్గుపడాలి.

“ఆ పురాణాన్ని చదివే ఓపిక నాకెప్పుడూ లేదమ్మాయ్. ఆ గొడవ జరిగిన రోజు కింద ఆ లైన్లు అతికించి మూసేశా. అంతే. అంతకు ముందు గానీ తర్వాత గానీ దాని గడప తొక్కలేదు. ఆ మాట అప్పుడు విచారణలోనూ చెప్పాను. ఏం మేడమ్?”

“చెప్పావు” అంది మేడమ్.

చిటికె సార్ కూర్చున్నాడు. కీబోర్డు ముందుకు లాక్కున్నాడు. గోడ మీది తెర మీద అన్నయ్య ఫైలు తెరుచుకుంది.

చీమ ఆ ఫైలును చాలాసార్లు చూసింది. అయినా ప్రతిసారీ ఆమెకు అన్నయ్య చేతిరాత చూసినట్టే ఉంటుంది. లోకమంతా ఎక్సెమ్మెల్ ఫైలు మొదటి వాక్యాన్ని ముక్కలు చేసి, ఒకదాని కింద ఒకటి పేర్చుకుంటుంది. అన్నయ్య అలా కాదు. మొదలంతా ఒకే లైనులో రాసేవాడు. అది తెర కుడి అంచు దాటి, కనబడకుండా ఎంతో దూరం పోయేది. ‘ఇల్లు ఒకటైతే గడప ఒకటే ఉండాలి’ అని వాదించేవాడు. ఈ ఒక్క అలవాటు గురించి ఆఫీసంతా ఆయనను తిట్టిపోసింది.

చిటికె సార్ ముందు కాపలా ప్రోగ్రాం తెరిచి, దాని నెత్తిన ఒక యానోటేషన్ రాశాడు. చకచకా, చూడముచ్చటగా. తర్వాత సెట్టింగుల ఫైలుకు వచ్చి కాపలా లైన్లు వెతికి పట్టుకుని చెరిపేశాడు. “చూశారా, పీడ వదిలింది” అన్నాడు.

చీమ ఆయన వేళ్ల వైపే చూసింది. ఇప్పుడు ఆయన ‘నడిపించు’ అనే మీట నొక్కితే ఆమె ఓడిపోయినట్టే. కాపలా పనిచేయదు, రిపోర్టులు తెరుచుకుంటాయి, ‘అరె, ఏదో తేడా ఉంది’ అని ఆయన తల గోక్కుంటాడు. తెలియని తప్పు ఎవరైనా చేస్తారు. తెలియనివాణ్ణి ఏమనగలం?

ఆయన ఆ మీట నొక్కలేదు.

ఆయన వేలు ఫైలు మొదటికి పోయింది. అక్కడి నుంచి ఒక్క మీటతో ఆ పొడుగాటి లైను చివరికి గెంతింది. తెర ఒక్క ఊపున పక్కకు జరిగింది. అంతదాకా ఎవరికీ కనబడని చోట, లైను చిట్టచివర, మెటాడేటా-కంప్లీట్ అనే మాట, దాని పక్కన ‘ట్రూ’. ఆయన దాన్ని చెరిపి ‘ఫాల్స్’ అని కొట్టాడు. వెనక్కి వచ్చి, అప్పుడు నొక్కాడు.

వేరేవాళ్ల రిపోర్టు అడిగితే తెర మీద ‘అనుమతి లేదు’ అని వచ్చింది. కాపలా భేషుగ్గా పనిచేసింది.

“అయిపోయింది. చిటికె!” అన్నాడు చిటికె సార్.

“బాగా చేశారు సార్” అంది చీమ. “ఒక్క చిన్న సందేహం. చివర్న ఏదో మార్చారు. అదేంటి?”

“ఏది? ఓ, అదా. అది... మామూలుగా చూసుకోవాల్సిందే.”

“మేడమ్‌కి అర్థమయ్యేలా నేను చెప్పనా? కాగితం చివర ‘ఇందులో రాసిందే లెక్క, డబ్బాల మీది చీటీల వంక చూడొద్దు’ అని ఒక మాట రాసి పెట్టుకోవచ్చు మేడమ్. ఆ మాట ట్రూ అని ఉంటే, చీటీ ఎంత బాగా అంటించినా సర్వర్ దాన్ని అసలు చదవదు. అరవదు, తప్పు అని చెప్పదు. చీటీ లేనట్టే పని చేసుకుపోతుంది. సార్ ఇప్పుడు దాన్ని తీసేశారు కాబట్టి కాపలా పనిచేసింది.”

“మంచిదేగా?” అంది మేడమ్.

“చాలా మంచిది. నాకు అర్థం కానిది ఒకటే.” చీమ లేచి తెర దగ్గరికి నడిచింది. ఫైలును మళ్లీ మొదట ఉన్నట్టు పెట్టింది. “ఇదిగో, ఫైలు తెరవగానే ఇలా కనబడుతుంది. ఆ మాట ఎక్కడుంది బాబాయ్?”

బాబాయి కళ్లజోడు సర్దుకుని తెరంతా వెతికాడు. “ఎక్కడా లేదే.”

“లేదు. తెర అంచు దాటి అవతల ఉంది. ఈ ఫైలు గడప తొక్కని మనిషికి, కింద అతికించి పోయిన మనిషికి, పైన, కుడివైపు, కంటికి ఆనని చోట ఆ మాట ఉందని ఎలా తెలిసింది? మీరు వెతకలేదు సార్. చదవలేదు. మీ చెయ్యి దానంతటదే పోయింది.”



“ఇందులో వింతేముంది? ఏ పుస్తకంలో చూసినా ఉంటుంది. అనుభవం అంటారు దాన్ని” అన్నాడు చిటికె సార్. గొంతు ఒక మెట్టు పైకి పోయింది.

“పుస్తకాల్లో ఆ మాట కళ్లెదురుగా ఉంటుంది. తెర అవతల దాచి రాసేది లోకంలో ఒక్కరే. ఇంకోటి చెప్పండి సార్. లైన్లు రాయడం మర్చిపోయినవాడికి ఈ మాటతో పనేముంది? రాస్తే కాపలా ఉంటుంది, రాయకపోతే ఉండదు. మధ్యలో ఈ మాట ఎవరికి అడ్డం? ఉన్న లైన్లు చెరిపేసి, వాటి బదులు చీటీ అంటించి, చీటీ చదువుతుందిలే అని నమ్మి ఇంటికి పోయినవాడికి! వాడొక్కడికే ఇది దెబ్బ. ఆ దెబ్బ తిన్నవాడే ఇంకోసారి ముందు ఇక్కడికి పరిగెత్తుతాడు.”

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నాడంటారు. ఇక్కడ దొంగ ఎవరని ఎవరూ అడగను కూడా లేదు. ఆయన తప్పు చేస్తాడని చీమ వల పన్నలేదు. తప్పు చేయకుండా జాగ్రత్తపడతాడని పన్నింది. అంత తెలివైనవాడు తన తెలివిలోనే ఇరుక్కున్నాడు.

చిటికె సార్ కుర్చీ వెనక్కి తోశాడు. “ఎవరు నువ్వు? ఇదంతా ఎవరు నేర్పారు నీకు?”

“ఇల్లు ఒకటైతే గడప ఒకటే ఉండాలని మా ఇంట్లో ఒకాయన అనేవాడు. చిన్నప్పుడు నాకు చెప్పులు తొడిగి బడికి తీసుకెళ్లేవాడు. మీరు మా ఇంటికి వచ్చినప్పుడల్లా ఆయన కంచంలోనే తినేవారు. అప్పుడు నేను హాస్టల్లో ఉండేదాన్ని, నా మొహం మీకు గుర్తులేదు.” చీమ గొంతు ఇప్పుడు మెత్తగా లేదు. “ఆయన మా అన్నయ్య.”

చిటికె సార్ మొహంలో రక్తం ఇంకిపోయింది.  ఆ మొహం అలా పాలిపోవడాన్ని చీమ తనివితీరా చూసింది. ఇందులో దాపరికమెందుకు? ఎండాకాలం మధ్యాహ్నం కుండలో నీళ్లు తాగినంత హాయిగా ఉంది ఆమెకు. ఇంకా కావాలనిపించింది.

“చిటిక వెయ్యండి సార్” అంది. “ఎప్పుడూ వేస్తారుగా. వెయ్యండి.”

ఆయన చేతులు బల్ల కిందికి పోయాయి.

మేడమ్ చాలాసేపు ఆయన మొహాన్నే చదివింది. “నువ్వు తీసేశావా ఆ లైన్లు?” అని అడిగింది. కోపం లేదు ఆ గొంతులో. కోపం ఉంటే బావుండేది.

“మేడమ్, అది... అందరం కలిసి చేసే పనిలో...”

“అవునా, కాదా?”

“అవును.”

“నన్ను ఆ అబ్బాయి మొహం మీద ఫైలు విసిరేలా చేశావు. సెక్యూరిటీని పిలిచి పంపించాను అతన్ని.” మేడమ్ లేచింది. “కార్డు బల్ల మీద పెట్టి వెళ్లు. చీమా, రేపు పొద్దున్న స్టాఫ్ అందర్నీ కూర్చోబెడతాను. మీ అన్నయ్యని తీసుకురా. నేను అందరి ముందు క్షమాపణ చెప్తాను. ఈ కుర్చీ ఖాళీ అయింది కాబట్టి, ఇష్టమైతే అతనే కూర్చోవచ్చు.”

*

మెట్ల దగ్గర చిటికె సార్ ఆమెను ఆపాడు. మెడలో కార్డు లేకపోయేసరికి ఆయన ఎవరో మామూలు మనిషిలా ఉన్నాడు. ఒక అట్టపెట్టెలో టీ కప్పు, ఒక మొక్క.

“గెలిచావు” అన్నాడు.

“ఇంకా లేదు. రేపు అన్నయ్య ఆ గుమ్మంలో అడుగుపెట్టాక గెలుస్తాను. ఆ టైముకి మీరు మీ ఇంట్లో గోడ చూస్తూ కూర్చోండి. మా అన్నయ్య చూసినట్టు.”

“ఒక్క మాట వినిపో. లైన్లు నేనే తీశాను, చీటీ నేనే అంటించాను. ఆ పాతచింతకాయ పద్ధతి వదలమని వాడితో ఎన్ని నెలలు కొట్టుకున్నానో! వాడు వినలేదు, నేను చెప్పకుండా మార్చేశాను. ఒప్పుకుంటున్నా. కానీ నేనేం గుడ్డోణ్ణి కాదు. మార్చాక పరీక్షించే సర్వర్ మీద నడిపి చూశాను. కాపలా పనిచేసింది. నీ ముందు ఇందాక పనిచేసినట్టే పనిచేసింది.”

“పనిచేయదు. ట్రూ అని ఉంటే...”

“అప్పుడు లేదు కాబట్టే పనిచేసింది.” ఆయన అట్టపెట్టెను ఒక చంకలోంచి ఇంకో చంకలోకి మార్చుకున్నాడు. “నేను చూసుకుని సంతోషంగా ఇంటికి పోయాను. ఆ తర్వాత అసలు సర్వర్ మీదికి ఎక్కించే లోపు ఆ మాట వచ్చి ఆ లైను చివర కూర్చుంది. గొడవయ్యాక వెతికి వెతికి పట్టుకున్నాను దాన్ని. ఎవరికి చెప్పను? చెబితే లైన్లు తీసింది నేనేనని తెలిసిపోతుంది. తెర అవతల దాచి రాసేది లోకంలో ఒక్కరేనని నువ్వే అన్నావుగా ఇందాక. మీ అన్నయ్యని అడుగు, విచారణలో వాడెందుకు నోరు విప్పలేదో.”

“అబద్ధం” అంది చీమ.

“అబద్ధమైతే రేపు తీసుకురా వాణ్ణి.” చిటికె సార్ మెట్లు దిగి వెళ్లిపోయాడు. చిటిక వెయ్యలేదు.

*

దుకాణంలో ఫోటోస్టాట్ మిషన్ నడుస్తోంది. ఎవరో పుస్తకం మొత్తం నకలు తీయమని ఇచ్చిపోయినట్టున్నారు, అన్నయ్య ఒక్కో పేజీ తిప్పి అద్దం మీద బోర్లిస్తున్నాడు. ప్రతిసారీ మూత కింద నుంచి తెల్లటి వెలుగు ఆయన గడ్డం మీద పాకి పోతోంది. వదిన లోపలి గుమ్మంలో కూర్చుని కాగితాలు వరస పెట్టి పిన్నులు కొడుతోంది.

చీమ దారి పొడుగునా అనుకుంటూ వచ్చింది, ఒక్క గుక్కలో చెప్పేయాలని. అలాగే చెప్పేసింది. కార్డు బల్ల మీద పెట్టించడం, మేడమ్ మాట, ఖాళీ అయిన కుర్చీ, రేపు పొద్దున్న.

వదిన పిన్నులు కొట్టడం ఆపేసింది. అన్నయ్య ఆపలేదు. పేజీ తిప్పాడు, బోర్లించాడు.

“ఏంట్రా అన్నయ్యా, ఏమీ అనవేం? నీ తరఫున కక్ష తీర్చుకుని వచ్చాను. కనీసం వాడి మొహం ఎలా ఉందో అడగవా?”

“ఎలా ఉంది?” అన్నాడు అన్నయ్య, మిషన్ వైపు చూస్తూనే.

 ఏ ప్రశ్నా అడగకుండా వెళ్లిపోతే ఎంత బావుంటుంది అని చీమకి అనిపించింది. రేపు ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుంటాడు, తను పక్కన నడుస్తుంది, అందరూ లేచి నిలబడతారు. నోరు మూసుకుంటే చాలు, అన్నీ దొరుకుతాయి.

కానీ సగం తెలిసిన మాటతో ఆమె ఎప్పుడు ఊరుకుంది గనుక!

“వాడొకటి అన్నాడు. వాడు లైన్లు తీసినప్పుడు ఆ ట్రూ అన్న మాట ఫైల్లో లేదట. తర్వాత ఎవరో పెట్టారట.”

మిషన్ వెలుగు వచ్చి పోయింది.

“నేనే పెట్టాను” అన్నాడు అన్నయ్య.

ఎంత మామూలుగా అన్నాడంటే, చీమకి అర్థం కావడానికి క్షణం పట్టింది.

“వాడు నాకు చెప్పకుండా ప్రోగ్రాముల మీద చీటీలు అంటిస్తున్నాడని తెలుసు. నెలల తరబడి నా పని నా వెనకాల చెడగొడుతున్నాడు. నలుగురిలో నన్ను ‘పాత సామాను’ అన్నాడు. నువ్వెన్ని అంటించుకుంటావో అంటించుకోరా, నా ఫైల్లో నీ రాతలు చెల్లవు అని ఆ మాట పెట్టాను. వాడు తెల్లమొహం వేస్తే చూడాలనిపించింది. అంతే.”

చీమ పక్కనున్న స్టూలు మీద కూర్చుంది. చప్పట్లకి రెండు చేతులు కావాలని చిన్నప్పుడు ఈయనే చెప్పేవాడు. ఇన్నాళ్లూ తన ఒంట్లో కాగిన కసి ఎక్కడి నుంచి వచ్చిందో ఆమెకు ఇప్పుడు తెలిసింది. ఒకే ఇంటి రక్తం.

“సరే” అంది. “వాడి మీద కోపంతో పెట్టావు. కాపలా లైన్లు తీసేశాడని నీకు తెలియదు. తెలియక పెట్టావు. అంతేగా? తెలియక చేసిన దానికి ఎవరూ ఏమీ అనరు. రేపు మేడమ్‌కి ఇదే చెబుదాం.”

అన్నయ్య పేజీ తిప్పాడు. అద్దం మీద బోర్లించబోయి ఆగాడు.

“అన్నయ్యా. నువ్వు ఆ మాట పెట్టేటప్పటికి, కింద ఆ లైన్లు లేవని చూశావా, చూడలేదా?”

ఆయన పుస్తకాన్ని బోర్లించి మూత వేశాడు. మీట మాత్రం నొక్కలేదు. చెయ్యి ఆ మూత మీదే ఉండిపోయింది.

లోపలి గుమ్మంలో వదిన లేచి నిలబడింది. ఒళ్లో ఉన్న కాగితాలు జారి నేల మీద పరుచుకున్నా వంగి ఏరలేదు.

“మీరు చెప్తారా,” అంది భర్తతో, “ఆ మాట పెట్టిన రోజు ఇంటికొచ్చి నాతో నవ్వుతూ ఏమన్నారో నన్ను చెప్పమంటారా?”